మా ఇంటికి బంతి వచ్చిన ఆదివారం

పోయిన నెలలో మా ఊరి హైస్కూలు హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేశారు. ఆవిణ్ని నేనెప్పుడూ చూడలేదు. వార్షికోత్సవానికి ఒక సంచిక వేస్తున్నారట. "స్టోర్‌రూము ఖాళీ చేయిస్తుంటే రెండు ఇనప రింగులు దొరికాయి మేడమ్. ఇవేంటని అడిగితే, ఒకప్పుడు ఇక్కడ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీము ఉండేదన్నారు. నేను నమ్మలేదు. ఈ ఊళ్ళో బాస్కెట్‌బాలేందండీ! మీరు ఆడారటగా. ఎట్టా మొదలైందో, ఎట్టా ఆగిపోయిందో నాలుగు పేజీలు రాసివ్వండి" అన్నారు. ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి, వేలమంది పిల్లల వ్యాసాల్లో తప్పులు దిద్దినదాన్ని. నాలుగు పేజీలు నాకొక లెక్కా అనుకుని సరేనన్నాను. మూడు పేజీలు ఒక్క పొద్దుటిపూట అయిపోయాయి. నాలుగో పేజీ దగ్గర మూడు వారాలు కూర్చున్నాను. జట్టు ఎలా మొదలైందో ఊళ్ళో నా ఈడు వాళ్ళందరికీ తెలుసు. ఎలా ఆగిపోయిందో మాత్రం అందరికీ తెలిసింది సగమే. మిగతా సగం నా దగ్గరే ఉంది, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

మాది సత్తెనపల్లి దగ్గర ఒక ఊరు. పత్తి, మిర్చి తప్ప వేరే మాట వినపడదు. మా డ్రిల్లు మాస్టారి పేరు పూర్ణచంద్రరావు. పొదిలి వైపు మెట్ట ఊరు ఆయనది. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడారట, తాడిచెట్టంత పొడుగు. ఆయన మా స్కూలుకి వచ్చేనాటికి ఆటలంటే మగపిల్లలకి కబడ్డీ, ఆడపిల్లలకి కిటికీలోంచి ఆ కబడ్డీ చూడటం. ఆయన వచ్చిన మూడో రోజున ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి, "బావిలోంచి నీళ్ళు తోడేవాళ్ళు చేతులెత్తండమ్మా" అన్నారు. అందరం ఎత్తాం. "బిందె చంకనెత్తుకుని పరిగెత్తగలిగిన వాళ్ళు?" అన్నారు. కొన్ని చేతులు దిగాయి. దించని వాళ్ళని లేచి రమ్మన్నారు. మేం ఏడుగురం. అదే మా జట్టు. ఆదిలక్ష్మి అందరికన్నా ముందు లేచింది కాబట్టి అది కెప్టెను. ఇంతకన్నా పెద్ద ఎంపిక ఏదీ జరగలేదు. ఆట పేరు కూడా మాకు తెలియదు, బుట్టబంతి అన్నారు, సరే అన్నాం.

బంతి ఆడటానికి నేల కావాలి. మాది నల్లరేగడి. వానకి జిగురు, ఎండకి నెర్రెలు. మాస్టారు మా నాన్న దగ్గరికే వచ్చి అడిగారు, "మీరు కల్లం ఎట్టా చేస్తారండీ?" అని. మిరపకాయలు ఆరబోసే నేలని కల్లం అంటాం. నాన్నకి అది గర్వమైన విషయం, ఒక గంట చెప్పాడు. తర్వాతి వారం ఆరేడు బండ్ల ఎర్ర గరుసు మట్టి స్కూలు వెనక పడింది. దాన్ని తడిపి, రాతి గుండుతో దొర్లించి, పేడనీళ్ళతో మేమే అలికాం. ప్రతి శనివారం మధ్యాహ్నం ఏడుగురం లంగాలు ఎగ్గట్టి కోర్టు అలికేవాళ్ళం. తాటి దూలాలు రెండు స్తంభాలు, పాత తలుపు చెక్కలు బోర్డులు, కమ్మరి వంచి ఇచ్చిన ఇనప కడ్డీలు రింగులు. పురికొసతో వల అల్లింది మా నాయనమ్మే, ఏం చేస్తారో తెలియకుండా, ఏదో ఉట్టి అనుకుని. ఆ కోర్టు మీద బంతి చక్కగా లేచేది. పడితే మోకాలి చిప్పలు గీసుకుపోయేవి, అది వేరే సంగతి.

స్తంభాలు పాతినంత తేలిగ్గా తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఈడొచ్చిన పిల్లలు ఎగిరి గంతులేయడం ఏమిటని రచ్చబండ మీద రోజూ మాటే. మాస్టారు ఎవరితోనూ వాదించలేదు. వాళ్ళావిడ మంగళగిరి గుడ్డతో పొడుగు చొక్కాలు, పైజామాలు కుట్టింది. ఆయన మటుకు ఒక వంతు పెట్టారు. స్కూలుకి ఉన్న మంచి తోలుబంతి ఒక్కటే. దాన్ని స్కూల్లో పెట్టకుండా రోజుకొకరం ఇంటికి తీసుకెళ్ళాలి. గుడ్డతో తుడవాలి, తోలు ఎండిపోకుండా కాస్త కొబ్బరినూనె రాయాలి, మర్నాడు తేవాలి. ఎవరి వంతు ఎప్పుడో ఆయనకి నోటికి వచ్చు. "బంతి మీకు అలవాటు కావాలమ్మా" అని మాతో అనేవారు. మాకు కాదు, మా ఇళ్ళకి అలవాటు చేయడానికే అదంతా అని నాకు అర్థమయ్యేసరికి నాకే పిల్లలు పుట్టారు.

మొదటిసారి నేను బంతి తెచ్చినప్పుడు నాయనమ్మ దాన్ని వాసన చూసి, "తోలు వస్తువు, వంటింట్లోకి తేబాకు" అని వసారాలోనే ఆపేసింది. అది దొర్లిపోతుంటే విసుక్కుని, బిందె కింద పెట్టే గడ్డి కుదురు ఒకటి తెచ్చి దాని మీద కూర్చోబెట్టింది. రెండో వంతుకి, "గాలి తగ్గినట్టుందే దీనికి" అని వేలితో నొక్కి చూసింది. ఇంకో నాలుగు వంతులయ్యేసరికి, నేను బంతి లేకుండా ఇంటికొస్తే, "ఏమే, ఇయ్యాల మన వంతు కాదా?" అని అడిగేది. మా నాన్న అయితే పొలంనుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకముందే దాన్ని రెండుసార్లు నేలకేసి కొట్టి చూసేవాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి మరీ కొట్టేవాడు. ఏడు ఇళ్ళలోనూ ఇదే వరస. ఏడాది తిరిగేసరికి రచ్చబండ మాటలు ఆగిపోయాయి, ఎందుకంటే మాట్లాడేవాళ్ళ ఇళ్ళలోనే బంతి ఉంటోంది.

మేం గెలవడం మొదలుపెట్టాం. నరసరావుపేట వైపు రెండు స్కూళ్ళని ఓడించాం, తర్వాత ఇంకో మూడింటిని. మాకు గొప్ప ఎత్తులేం రావు. బిందెలు మోసిన చేతులు కాబట్టి బంతి లాక్కుంటే వదలం, చేలో నడిచిన కాళ్ళు కాబట్టి అలవం, అంతే. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా గుంటూరులో జరిగే జిల్లా పోటీల్లో ఫైనలు దాకా వచ్చాం. ఆ ఆట గెలిస్తే మాకు సిమెంటు కోర్టు వేయిస్తామని స్కూలు కమిటీ పెద్దాయన సభలో లేచి ఒప్పుకున్నాడు. మాస్టారు ఆ మాట పట్టుకుని నెలరోజులు తిరిగారు. కోర్టు కొలతలు కాగితం మీద గీసి జేబులో పెట్టుకుని, ఎవరు అడిగినా అడక్కపోయినా తీసి చూపించేవారు. మనిషి మామూలుగా మాట తక్కువ. ఆ నెల మాత్రం పెళ్ళివారిలా హడావిడి పడ్డారు.

ఫైనలు సోమవారం. ఆదివారం బంతి వంతు నాది. అవి పండుమిర్చి రోజులు. మా ఇంట్లో ఏడాదికి సరిపడా పండుమిరపకాయ పచ్చడి ఒకే రోజున పట్టేవాళ్ళం. తెల్లారేసరికి చేలోనించి ఎర్రగా నిగనిగలాడే కాయలు గంపలతో వచ్చేవి. కడిగి, తుడిచి, తొడిమలు తీసి, ఉప్పు, పసుపు, చింతపండు వేసి రోట్లో తొక్కాలి. వీధి మొగదల దాకా ఘాటు. అటు పోయేవాళ్ళు తుమ్ముకుంటూ, "మీ పచ్చడా ఇయ్యాల?" అని పలకరించి పోయేవాళ్ళు. నాయనమ్మ రోలు దగ్గర, అమ్మ జాడీల దగ్గర, నేను తొడిమల దగ్గర. నాయనమ్మకి ఆ రోజున రాజ్యం చేతికొచ్చినట్టే. ఉప్పు ఆవిడే వేయాలి, రుచి ఆవిడే చూడాలి, ఒక్క తడి గరిటె కనపడినా ఇల్లు ఎగిరిపోవాలి. మధ్యాహ్నానికి నా అరిచేతులు భగభగ మండుతున్నాయి. నాయనమ్మ పిలిచి దోసిలి నిండా కొబ్బరినూనె పోసింది, "బాగా రుద్దుకో, మంట లాగేసుద్ది" అని. రుద్దుకున్నాను. మంట తగ్గింది. చేతుల్లో ఇంకా బోలెడు నూనె మిగిలింది.

మా ఇంట్లో నూనె పారబోయడం అనేది లేదు. జుట్టుకి రాసుకుందామంటే పొద్దునే తలంటు అయింది. వసారాలో కుదురు మీద బంతి కనపడింది. ఎలాగూ దానికి నూనె రాయాలి కదా. ఆ చేతులతోనే బంతికి నిండుగా పట్టించి, గుడ్డతో తుడిచి పెట్టాను. చాలా పొదుపైన పని చేశానని కూడా అనుకున్నాను. నా చేతుల్లో మంటని లాక్కున్న నూనె ఆ మంటని ఎక్కడికి తీసుకెళ్తుందో ఆలోచించలేదు.

గుంటూరులో మా ఎదురు జట్టు పట్నం పిల్లలు. తెల్లటి బూట్లు, పేర్లు రాసిన చొక్కాలు. మాకు వాళ్ళని చూస్తే భయం వేయలేదు, కొంచెం అసూయ వేసింది. మొదటి సగం వాళ్ళ బంతితోనే ఆడాం, నాలుగు పాయింట్లు ముందున్నాం. రెండో సగం మొదట్లో ఆ బంతి కుట్టు పిగిలిపోయింది. రెఫరీ మా బంతిని చేత్తో నొక్కి చూసి బాగుందన్నాడు. దాంతో ఆట సాగింది. ఐదు నిమిషాలు గడిచాయో లేదో, వాళ్ళ పొడుగు పిల్ల ఒకతి చెమట తుడుచుకుని కళ్ళు మూసుకుని కూర్చుండిపోయింది. ఆ వెంటనే ఇంకొకతి. మూడో పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. రెఫరీ బంతిని తీసుకున్నాడు, ముక్కు తుడుచుకున్నాడు, ఆయన పనీ అయిపోయింది.

మా ఏడుగురికీ ఏమీ కాలేదు. కాకపోవడమే మా కొంప ముంచింది. మా ఊళ్ళో పిల్లలకి నడక తర్వాత నేర్పేది ఒకటే, అరిచేత్తో మొహం తుడవకూడదని. చెమట పడితే మోచేతి పైభాగంతోనో భుజంతోనో తుడుచుకుంటాం, నిద్రలో కూడా అంతే. ఇప్పటికీ నేను కళ్ళజోడు మణికట్టుతోనే సర్దుకుంటాను. అక్కడి వాళ్ళకి ఆ సంగతి ఏం తెలుసు? "చూడండి సార్, వాళ్ళ పిల్లలు ఒక్కళ్ళు కూడా చెయ్యి మొహానికి తగలనీలేదు. ముందే చెప్పి తీసుకొచ్చారు. బంతికి కారం పూసుకొచ్చారు" అని వాళ్ళ కోచ్ కేకలేశాడు. జనం మా చుట్టూ చేరారు. ఆదిలక్ష్మి ఊరుకుంటుందా! "ఏంది మేం పూసేది? మాకేం పని, ఆటలో ముందున్నది మేమేగా!" అని వాళ్ళ మీదికి వెళ్ళింది.

నాకు అప్పటికి అంతా అర్థమైపోయింది. మాస్టారు బంతి తీసుకుని వాసన చూశారు. చూసి, ఒక్కసారి నావైపు చూశారు. నిన్న ఎవరి వంతో ఆయనకి నోటికి వచ్చు కదా. చెప్పు అని ఆయన అనలేదు, చెప్పొద్దు అనీ అనలేదు. నేను చెప్పడానికి నోరు తెరిచానని రాసుకుంటే బాగుంటుంది కానీ తెరవలేదు. పదమూడేళ్ళ పిల్లని, చుట్టూ అంతమంది మగవాళ్ళు. ఆదిలక్ష్మి వెనక్కి జరిగి నిలబడ్డాను.

"బంతి నా చేతి కిందే ఉందండీ. పిల్లలకి ఏం తెలియదు. తప్పు నాది" అన్నారు మాస్టారు.

"ఒప్పుకుంటున్నారా?" అన్నాడు రెఫరీ, కళ్ళు నీళ్ళతో కడుక్కుంటూ.

"కావాలని చేసింది కాదు. అయినా తప్పు నాదే" అన్నారాయన.

ఆట వాళ్ళకి ఇచ్చేశారు. మా జట్టుని ఇక పోటీలకి రానిచ్చేది లేదని అక్కడికక్కడే చెప్పారు. ఊళ్ళో సిమెంటు కోర్టు మాట ఎత్తినవాడు లేడు. పైగా మాస్టారు కనపడితే, "ఏం మాస్టారూ, కారం గట్టిగానే కొట్టారంటగా!" అని నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవారు. జేబులో ఆ కాగితం మాత్రం మళ్ళీ కనపడలేదు. నేను ఇంట్లో చదువుకోవాలి అని చెప్పి ఆట మానేశాను. నా మొహం చూడగానే ఆయనకి బంతి గుర్తొస్తుందని, నేను ఎదురుపడకపోతే ఆయనకే మంచిదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వేసవి తర్వాత జట్టు లేదు. మరుసటి ఏడు ఆయన బదిలీ మీద వెళ్ళిపోయారు. ఎర్ర గరుసు కోర్టు మీద ఊళ్ళోవాళ్ళు మిరపకాయలు ఆరబోసుకున్నారు. కల్లంలా చేసిన నేల చివరికి కల్లమే అయింది.

నాలుగో పేజీ రాయలేక నేను ఆయన్ని వెతికించాను. మంగళగిరిలో కూతురి దగ్గర ఉంటున్నారని ఆదిలక్ష్మి కనుక్కుని చెప్పింది. బస్సులో వెళ్తుంటే దారి పొడుగునా కోల్డ్ స్టోరేజీలే. మా చిన్నప్పుడు మిర్చి అంటే ఇళ్ళలో, వసారాల్లో, మంచాల కింద. ఇప్పుడు చేలోంచి నేరుగా చల్లటి గదుల్లోకి పోతోంది. మా ఇంట్లో పచ్చడి పట్టి ఎన్నేళ్ళయిందో, కోడలు సీసా కొని తెస్తుంది, బాగానే ఉంటుంది కూడా. ఆడపిల్లలు ట్రాక్‌సూట్లు వేసుకుని స్కూటీల మీద ఆటలకి వెళ్తున్నారు, ఎవరూ రచ్చబండ మీద కూర్చుని లెక్కపెట్టడం లేదు. ఆ రోజులే గొప్పవని నేను అనను. మోకాళ్ళు గీసుకుపోయే నేల, ఒక్క బంతి, పదిమంది అనుమతులు. అందులో గొప్పేముంది? ఒక్కటి మాత్రం ఇప్పుడు ఎక్కడా కనపడదు. ఒక మాస్టారు ఏడు ఇళ్ళ వసారాల్లోకి ఒక ఆటని అలా నెమ్మదిగా, ఓపిగ్గా తీసుకురావడం.

మాస్టారు వంగిపోయారు. అయినా గుమ్మం తగలకుండా తల వంచి వచ్చే అలవాటు పోలేదు. వినికిడి తగ్గింది. "సుగుణమ్మా! చెమట భుజంతో తుడుచుకున్నావు, నువ్వేనని అప్పుడే అనుకున్నా" అన్నారు. కూతురు కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. నేను దారంతా కూడగట్టుకున్నది ఒక్క గుక్కలో చెప్పేశాను. పచ్చడి, నాయనమ్మ పోసిన నూనె, నా పొదుపు, ఆ రోజు నోరు తెరవకపోవడం. చెబుతుంటే ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

ఆయన చెయ్యి ఊపారు. "తెలుసులేమ్మా. నాకు ఆ వాసన తెలియదా ఏంది? మా ఆవిడా అదే పచ్చడి పట్టేది. పిల్ల నూనె రాసింది, నేను చూడకుండా ఇచ్చాను. అది నా తప్పు కాకపోతే ఎవరిది? అది వదిలెయ్."

"మీ పేరు పోయింది కదండీ. జట్టుని పోటీలకి రానివ్వకుండా చేశారు."

"ఎవరు చెప్పారు?" అన్నారు ఆయన. "కోపంలో అన్నారు వాళ్ళు. నేను రెండుసార్లు గుంటూరు వెళ్ళి మాట్లాడా. ఆ ఒక్క ఏడాదికే అని కాగితం ఇచ్చారు. బడులు తెరిచేసరికి నా చేతిలో ఉంది. పదో తరగతి వాళ్ళు ముగ్గురూ వెళ్ళిపోయారు. మీరు నలుగురు మిగిలారు. కింది తరగతిలో ఒక పిల్లని, వాళ్ళ నాన్న కాళ్ళావేళ్ళా పడి ఒప్పించా. ఐదుగురు. ఆటకి ఐదుగురు చాలు కదా. ముందు నీ సంగతి తేలాక మిగతా పిల్లలకి చెబుదామని ఎవరికీ చెప్పలా. ఆశ పెట్టి లేదనిపించుకోవడం ఎందుకని."

కాఫీ చల్లారిపోయింది.

"మీ ఇంటికి వచ్చా కదమ్మా. ముసురు పట్టి ఉంది ఆ రోజు. కాగితం తడవకుండా చొక్కా లోపల పెట్టుకొచ్చా. నువ్వు ఊళ్ళో లేవని మీ నాయనమ్మ చెప్పింది. లేవా?"

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. వీధి మలుపులో గొడుగు కింద ఆ పొడుగు మనిషి కనపడగానే, బంతి సంగతి నిలదీయడానికి వస్తున్నారని, నాన్న ముందే అడుగుతారని భయపడ్డాను. ఊళ్ళో లేనని చెప్పమని నాయనమ్మని బతిమాలి పెరట్లోకి పరిగెత్తాను. గడ్డివామి వెనక తడుస్తూ నిలబడ్డాను. నాయనమ్మ ఆయన్ని కూర్చోమనడం వినపడింది. ఆయన కాసేపు కూర్చున్నారు. తర్వాత చెప్పుల చప్పుడు. ఆయన వెళ్ళిపోయాక గండం గడిచిందని నేను సంతోషించాను కూడా.

"ఉన్నానండి" అన్నాను. "పెరట్లో ఉన్నాను. మిమ్మల్ని చూసే దాక్కున్నాను."

ఆయన తన అరిచేతుల వైపు చూసుకున్నారు. కోపం వస్తుందనుకున్నాను, వస్తే బాగుండుననీ అనుకున్నాను.

"మళ్ళీ ఒకసారి రావాల్సింది నేను" అన్నారు చివరికి. "చిన్నపిల్లవి. భయపడి ఉంటావని తట్టాల్సింది నాకు. ఒక్కసారికే వెనక్కి పోయా. తప్పు నాదేనమ్మా."

"కాదండీ మాస్టారూ. తప్పు నాది" అన్నాను.

ఆయనకి వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగారు. నేను లేచి నిలబడి, వంటింట్లోంచి ఆయన కూతురు పరిగెత్తుకు వచ్చేంత గట్టిగా ఆ మాట మళ్ళీ చెప్పాను.